ఎండలో అట్టపెట్టెలు

ముందుగా ఒక మాట. నాకు అక్షరాలు వచ్చింది ఆలస్యంగా. ఒత్తో దీర్ఘమో తప్పితే మీరే సరిచేసుకుని చదవండి. రాయడంలో కూడా నాది నత్తనడకే. కథ ఎక్కడైనా ఆగి ఊపిరి పీల్చుకుంటే క్షమించండి. ఇందులో పరుగెత్తాల్సిన మనిషికీ మోకాలి నొప్పి ఉంది.

*

హత్య జరిగిన సంగతి సోమవారం పొద్దున బయటపడింది.

చనిపోయినవాళ్లు ఎంతమందో ఎవరూ చెప్పలేరు. కోట్లలో ఉంటారు. వ్యవసాయ పరిశోధనాలయం మూడో అంతస్తులో, డీప్ ఫ్రీజర్‌లో, చిటికెన వేలంత గాజు గొట్టాల్లో వాళ్లు నిద్రపోతూ ఉండేవాళ్లు. కంటికి కనిపించని సూక్ష్మజీవులు. విత్తనానికి పూసి నాటితే వేరు చుట్టూ కాపురం పెట్టి, వాన మొహం చాటేసినా మొలకను కొన్నాళ్లు నిలబెట్టగల జీవులు. వాళ్లను ఓ బీడు భూమిలో వెతికి పట్టుకుని, పెంచి, ఆ పనిలోనే జుట్టు నెరిపించుకున్న సైంటిస్టును అక్కడ అందరూ డాక్టరమ్మ అంటారు.

ఆమె ఎప్పటిలాగే గొట్టాల్లోంచి చుక్క చుక్క తీసి పెంపకం పళ్లేల్లో వేసి ఉంచింది. సోమవారం మూతలు తీసి చూస్తే పళ్లేలు అద్దాల్లా ఖాళీగా ఉన్నాయి. ఎవరో గొట్టాలన్నింటినీ ఆటోక్లేవ్‌లో పెట్టి ఉడికించారు. ఆటోక్లేవ్ అంటే ల్యాబులో ఉండే పెద్ద ప్రెషర్ కుక్కరు. ఉడికించి, చల్లార్చి, మళ్లీ ఎక్కడివక్కడ సర్దిపెట్టారు. తాళం పగల్లేదు. అద్దం చిట్లలేదు. నెత్తురు చుక్క లేదు.

“ఇంత శుభ్రమైన హత్య నా సర్వీసులో చూళ్లేదు” అన్నాడు పెద్దాయన.

పెద్దాయన రహస్య విభాగం అధిపతి. ఆఫీసు బయట ‘పంపుసెట్ల విడిభాగాలు’ అని బోర్డు ఉంటుంది. నిజంగానే ఎవరైనా వాషరు కోసం వస్తే గుమాస్తా అమ్మి పంపిస్తాడు. లోపలి గదిలో ఒక ఫ్యాను, ఒక ఫ్లాస్కు, కడుపు మంటకు వేసుకునే బిళ్లల డబ్బా. ఎదురుగా నిలబడ్డవాడి కోడ్ నేమ్ తాబేలు.

“కూర్చోవయ్యా.”

“కూర్చుంటే మళ్లీ లేవాలి సార్. నిలబడే వింటాను.”

తాబేలుకి రిటైర్మెంటు దగ్గరపడింది. ఒకప్పుడు గోడలు దూకినవాడు. ఇప్పుడు గోడ కనిపిస్తే ముందు గేటు ఎటుందో చూస్తాడు.

“బ్రీఫింగ్” అన్నాడు పెద్దాయన, వేడినీళ్లు గుటకేసి. “డాక్టరమ్మ పరిశోధన పుస్తకాల్లో ఆగిపోకుండా రైతు చేతికి అందాలని ఇంక్యుబేషన్ సెంటర్ వాళ్లు దాన్ని ప్రొడక్టుగా మార్చారు. పేరు ‘తడి’. పొడి ప్యాకెట్టు. విత్తనాలకి పట్టించి నాటడమే. చవక. ఈ శుక్రవారం లాంచ్. పరదేశపు సిండికేట్ ఒకటుంది, తెలుసుగా? కరువు వచ్చినప్పుడల్లా ఖరీదైన మందు అమ్ముకునే ముఠా. వాళ్లకి ఇది గిట్టలేదు.”

“ఫ్రీజర్‌లోవి పోతే ఇంక ఏం మిగిలింది సార్?”

“లాంచ్ కోసం ప్యాక్ చేసిన పెట్టెలు. ఈ ప్రపంచంలో ఆ జాతి బతికి ఉన్నది ఆ అట్టపెట్టెల్లోనే. సిండికేట్ ప్లాను వాసన పట్టాం. ఆ పెట్టెలు మాయం చేసి, వాటి బదులు ఉడికించిన పొడి పెడతారు. చూడ్డానికి రెండూ ఒకటే. రైతు కొంటాడు, నాటుతాడు, వాన ఆలస్యమవుతుంది, మొలక చస్తుంది. ఆ తర్వాత సెంటర్ నుంచి బంగారం వచ్చినా ఎవడూ ముట్టుకోడు. అసలు జీవులు మాత్రం సిండికేట్ దగ్గర క్షేమంగా ఉంటాయి. రెండేళ్లు ఆగి, కొత్త పేరుతో, వాళ్ల రేటుకి మనకే అమ్ముతారు.”

“లోపలి మనిషి?”

“కోడ్ నేమ్ ‘మొలక’. ఎవరో తెలీదు. ఫ్రీజరు తాళం డాక్టరమ్మ దగ్గరే ఉంటుంది. నాకు ఆవిడ మీదే అనుమానం. పెట్టెలు మారాయని తేలిన క్షణంలో ఆవిడని అరెస్ట్ చేయించు.”

తాబేలు తలూపాడు. ఒక్క సంగతి మాత్రం నోట్లోనే ఉంచుకున్నాడు. ‘తడి’ని ముందుగా పొలంలో వేసి చూసిన ట్రయల్ రైతుల్లో తన సొంత అక్క ఒకతి. చెబితే కేసు నుంచి తీసేస్తారు.

అక్కకి భర్త పోయాక పొలమే లోకం. కిందటేడు వానలు ఎగ్గొట్టినప్పుడు చుట్టుపక్కల చేలన్నీ మాడి, ఆమె చేను పచ్చగా నిలిచింది. ఆమె ఊరుకునే మనిషైతే బాగుండేది. ఊరు ఊరంతా తిరిగి, ‘ఈసారి అందరూ ఇదే వేయండి, నాది పూచీ’ అని చెప్పింది. ఆమె మాట మీద ఊరు మొత్తం వేరే మందులు మానుకుని కూర్చుంది. ఇప్పుడు చచ్చిన పొడి వెళ్తే ఆ ఊళ్లో విత్తనం పోతుంది. దాంతోపాటు అక్క తలెత్తుకు తిరగడమూ పోతుంది. తమ్ముడు పంపుసెట్ల కంపెనీలో సేల్స్‌మన్ అని ఆమె నమ్మకం. అంత చదివి వాషర్లు అమ్ముకుంటున్నాడని ఆమె బెంగ.

సామాన్లు ఇచ్చే స్టోర్స్ బాబాయ్ కళ్లద్దాలు ముక్కు చివరకి జార్చుకుని ఒక్కొక్కటే బల్ల మీద పెట్టాడు. చెవిలో పెట్టుకునే వైర్‌లెస్, వినికిడి యంత్రంలా ఉంటుంది. కెమెరా పెన్ను. ఎరువుల డీలర్ వేషానికి ఒక పెట్టుడు మీసం.

“పెన్ను రాయదు” అన్నాడు.

“ఫోటో తీస్తుందా?”

“ఇంతకుముందు తీసేది. మీసం మాత్రం జాగ్రత్త. చెమటకి ఓ పక్క ఊడుతుంది.”

“తుపాకీ?”

“సర్వీసింగ్‌కి వెళ్లింది. నువ్వు రైతుల మీటింగుకి వెళ్తున్నావు, యుద్ధానికి కాదు.”

*

ఇంక్యుబేషన్ సెంటర్ అంటే పెద్ద మాటేమీ కాదు. పాత గోడౌనుకి అద్దాల తలుపులు బిగించి, లోపల ప్లైవుడ్ గదులు చేశారు. ఒక గదిలో పొడి కలిపే యంత్రం, ఒక గదిలో ప్యాకెట్లకి సీలు వేసే యంత్రం, ఒక గదిలో లేబుల్ మీద ఏ అక్షరం ఎంత లావు ఉండాలన్న వాదన. తాబేలు డీలర్ల ట్రైనింగ్‌లో చేరి, వెనక బెంచీలో మోకాలు చాపుకుని కూర్చున్నాడు.

పాఠం చెప్పేది బిజినెస్ మేనేజరు. ఒకప్పుడు అతనూ సైంటిస్టే, డాక్టరమ్మ శిష్యుడు. సన్నటి మనిషి, నలిగిన చొక్కా, కళ్ల కింద సంచులు.

“ఇది యూరియా కాదండీ. ఇందులో ప్రాణం ఉంది. ఎండ తగిలితే చస్తుంది. లారీ దిగేటప్పుడు ఎక్కడ?”

“నీడలో” అన్నారు డీలర్లు, బడిపిల్లల్లా.

“షాపులో?”

“నీడలో.”

“విత్తనానికి పట్టించాక ఆరబెట్టేది?”

“నీడలోనేనండీ బాబూ!”

ఒక లావుపాటి డీలరు శాంపిల్ ప్యాకెట్టు కిటికీ గట్టు మీద పెట్టి ఆవలించాడు. మేనేజరు మాట మధ్యలో ఆపి, గబగబా వచ్చి ప్యాకెట్టు తీసి బల్ల కింద పెట్టాడు. మాట్లాడుతూ మాట్లాడుతూనే, కళ్లు అటు తిప్పకుండానే. చేతులకి అలవాటైపోయిన పని.

టీ విరామంలో తాబేలు అతని పక్కన చేరాడు.

“బాగా చెబుతున్నారు సార్. మీ సెంటర్ నుంచి ఇలాంటివి చాలా వచ్చుంటాయి?”

మేనేజరు నవ్వాడు. నవ్వులో పస లేదు.

“రావాల్సినవి చాలా ఉన్నాయి. పురుగు పట్టని సంచీ, చేత్తో నడిచే కలుపు యంత్రం, నేలలో తేమ ఎంతో ఫోన్లో చెప్పే సర్వీసు. అన్నీ బీరువాల్లో ముసలివైపోయాయి. కనిపెట్టడం ఒక ఎత్తు, అమ్మడం ఇంకో ఎత్తు. ప్యాకెట్టు కావాలి, లైసెన్సు కావాలి, మీకు కమిషన్ కావాలి, పై ఆఫీసరుకి ఫోటో కావాలి. రైతుకి ఏం కావాలో అడిగేసరికి అందరికీ నిద్రొస్తుంది. నాక్కూడా.”

“మరి ఇదొచ్చిందిగా?”

“వచ్చింది” అన్నాడు మేనేజరు, టీ గ్లాసులోకి చూస్తూ. “నేనే అలిసిపోయాక వచ్చింది.”

లేబుళ్ల గది ముందు ఘాటైన సెంటు వాసన తగిలింది. నల్ల కళ్లద్దాలు, ఎర్రటి గోళ్లు, నేలని గుచ్చే హై హీల్స్. బ్రాండ్ కన్సల్టెంట్. సిండికేట్ పంపిన ఏజెంటు. పెద్దాయన దగ్గరా జీతం తీసుకునే డబుల్ ఏజెంటు. కోడ్ నేమ్ నెమలి.

“మీ ఊళ్లో గొడుగులు దొరుకుతాయా?” అంది ఆమె, లేబుల్ చూస్తూ.

“వాన పడితేనే తెప్పిస్తారు” అన్నాడు తాబేలు. కోడ్ సరిపోయింది.

“మీసం ఎడంపక్క లేస్తోంది.”

“తెలుసు. విషయం చెప్పండి.”

“మార్పిడి లాంచ్ రోజు పొద్దున్నే. మొలక ఎవరో నాకు చెప్పరు. లాంచ్ మొదలవగానే ఎవరో నాకో కారు తాళం ఇస్తారు. బతికున్న పెట్టెలు ఆ కారులో ఉంటాయి. నేను తీసుకెళ్లి అప్పగించాలి.”

“తాళం అందగానే నాకు చెబుతారా?”

నెమలి కళ్లద్దాలు తీసింది. కళ్ల కింద ఆమెకీ సంచులే.

“ఇద్దరు బాసులు, ఇద్దరికీ రోజూ రిపోర్టులు. ఒకడికి అబద్ధం, ఒకడికి నిజం. ఏది ఎవడికో మర్చిపోకుండా ఉండటమే నా ఉద్యోగం. ఆ రోజు ఏం చేస్తానో ఇప్పుడే ఏం చెప్పను తాబేలుగారూ? నాకు ఓ వారం రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా పడుకోవాలనుంది.”

*

శుక్రవారం. సెంటర్ ముందు ఖాళీ స్థలంలో టెంటు, ప్లాస్టిక్ కుర్చీలు, వేదిక మీద అతిథులు. పాపం డాక్టరమ్మని తెల్లారినప్పటి నుంచి అతిథుల మధ్య కూర్చోబెట్టి కదలనివ్వలేదు. రైతులు వచ్చారు, డీలర్లు వచ్చారు. అమ్మకానికి సిద్ధంగా ‘తడి’ పెట్టెలు మెట్ల మీద పేర్చి ఉన్నాయి.

“రిపోర్ట్” అన్నాడు పెద్దాయన చెవిలో.

“అంతా మామూలుగానే ఉంది సార్.”

“మామూలుగా ఉంటేనే నాకు కడుపు మంట. ఆవిడ మీద కన్నేసి ఉంచు.”

నెమలి పక్కనుంచి వెళ్తూ, పెదవులు కదపకుండా అంది. “మారిపోయాయని కబురొచ్చింది. ఆ మెట్ల మీదవన్నీ ఉడికినవే. తాళం ఇంకా రాలేదు.”

ఇప్పుడు లాంచ్ ఆపితే మొలక అప్రమత్తమై కారుతో ఉడాయిస్తాడు. ఆపకపోతే చచ్చిన పొడి ఊళ్లకి వెళ్తుంది. స్థలం చుట్టూ లెక్కలేనన్ని కార్లు, జీపులు, ట్రాక్టర్లు. ఏది వెతకాలి?

వెనకనుంచి వీపు మీద ఒక్కటి పడింది.

“ఒరేయ్ తమ్ముడూ!”

అక్క. ఇస్త్రీ చీర, చేతిలో సంచీ, మొహం నిండా వెలుగు.

“నేను మీ తమ్ముణ్ణి కాదమ్మా” అన్నాడు తాబేలు, గొంతు మార్చి.

“ఛీ, నోర్ముయ్. నీ నడక నాకు తెలీదా? ఎడంకాలు ఈడుస్తావు. ఇంతకీ ఆ మీసమేంట్రా, బొద్దింక అతికినట్టు?”

“అక్కా, మెల్లగా. కంపెనీ పని మీద వచ్చాను.”

“పంపుసెట్ల కంపెనీకి మీసాలెందుకు?”

“తర్వాత చెప్తాను.”

“చెప్పకు. నువ్వెప్పుడు చెప్పావు గనక? ఇవాళ మొదటి ప్యాకెట్టు నా చేతికే ఇస్తారట. వేదిక మీదకి పిలుస్తారు. మా ఊరివాళ్లంతా ట్రాక్టరు కట్టుకుని వచ్చారు చూడు, నా మొహం చూసి వచ్చారు రా. నువ్వైనా ఆ చెమట తుడుచుకుని బాగా కూర్చో.”

తాబేలు చెమట తుడుచుకున్నాడు. ఎండ మండిపోతోంది. ఎండ...

తల తిప్పి మెట్ల వైపు చూశాడు.

పెట్టెలు ఎండలో ఉన్నాయి. నీడ నాలుగడుగుల దూరంలోనే ఉంది. పెట్టెలు మాత్రం నిట్టనిలువు ఎండలో, అట్టలు వేడికి వంకర్లు తిరుగుతూ ఉన్నాయి. వాటి పక్కనే బిజినెస్ మేనేజరు నిలబడి, ఒక పెట్టె మీద మోచెయ్యి ఆనించి, రుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. కిటికీ గట్టు మీద ఒక్క శాంపిల్ ప్యాకెట్టు చూసి పాఠం ఆపేసిన మనిషి. చూడకుండానే చేతులు నీడ వెతుక్కునే మనిషి. ఇప్పుడు లాంచ్ సరుకంతా ఎండలో ఉడుకుతుంటే చీమ కుట్టినట్టయినా లేదు.

చచ్చినవాటికి ఎండైతే ఏం, వానైతే ఏం? అవి చచ్చాయని ఈ సెంటర్లో ఒక్క మొలకకే తెలుసు.

“దొరికాడు” అనుకున్నాడు తాబేలు. ఆ వెంటనే రెండో ఆలోచన. చచ్చినవాటిని ఇంత నిర్లక్ష్యంగా వదిలేసినవాడు బతికున్నవాటిని ఎక్కడ పెడతాడు? దొంగతనం చేస్తున్నా సరే, అవి ప్రాణం ఉన్నవి. ఆ చేతులు ఊరుకోవు.

చుట్టూ చూశాడు. కార్లన్నీ ఎండలో నిలిపి ఉన్నాయి. జనరేటరు షెడ్డు వెనక, రేకుల నీడలో, ఒక్క కారు ఉంది. అద్దాలు సగం దించి ఉన్నాయి. డిక్కీ మీద తడిపిన గోనె సంచులు పరిచి ఉన్నాయి.

అప్పుడే మైకులో పిలుపు వినిపించింది. “మొదటి ప్యాకెట్టు అందుకోవడానికి మన ఆదర్శ రైతు వేదిక మీదకి...”

తాబేలు అక్క చెయ్యి పట్టుకున్నాడు. “అక్కా. నన్ను ఏమీ అడక్కు. వేదిక మీద ఆలస్యం చెయ్యి. ప్యాకెట్టు తీసుకోకు. ఎవరికీ అమ్మనివ్వకు.”

“ఏమైందిరా?”

“ఊరికి చెప్పిన మాట నిలబడాలంటే ఆలస్యం చెయ్యి.”

అక్క అతని మొహంలోకి చూసింది. చిన్నప్పుడు అతను అబద్ధం ఆడితే ఎక్కడ చూసేదో అక్కడే చూసింది.

“ఎంతసేపు?”

“నువ్వు మాట్లాడగలిగినంతసేపు.”

“అదేం అడగడంరా?” అంది అక్క, కొంగు బిగించి. “పొద్దుగూకే దాకా మాట్లాడతాను.”

*

జనరేటరు షెడ్డు వెనక డీజిలు కంపు. తాబేలు గోడ వారగా చేరేసరికి ఇద్దరూ అక్కడే ఉన్నారు. మేనేజరు తాళం చెవి నెమలి చేతిలో పెడుతున్నాడు.

“ఏసీ వేసి పెట్టండి” అంటున్నాడు. “దారిలో ఎండలో ఆపకండి. గోనెలు మళ్లీ తడపండి.”

“మొలక” అన్నాడు తాబేలు.

మేనేజరు ఉలిక్కిపడి, ఒక్క దూకులో తాళం వేయని డిక్కీ తెరిచాడు. లోపల పెట్టెలు. పక్కనే ల్యాబు నేల కడిగే బ్లీచింగ్ సీసా. మూత తిప్పి, పెట్టెల మీదకి వంచి పట్టుకున్నాడు.

“అడుగు వేశావా, పోసేస్తాను. తర్వాత ఎవరికీ ఏమీ ఉండదు. నాకూ లేదు, నీకూ లేదు.”

తాబేలు ఆగిపోయాడు. సర్వీసులో బందీలను చాలామందిని చూశాడు. ఇంతమందిని ఒకేసారి చూడ్డం ఇదే మొదలు.

“ఏమయ్యా, ఆవిడని అరెస్ట్ చేశావా?” అని చెవిలో పెద్దాయన గొణిగాడు. తాబేలు ఆ యంత్రాన్ని పీకి జేబులో వేసుకున్నాడు.

“మీరు పెంచినవే కదండీ అవి” అన్నాడు మేనేజరుతో.

“నేను పెంచితే ఏమైంది? పేరు ఆవిడది, ఫోటో ఆఫీసరుది. నాకు మిగిలింది అట్టపెట్టెలు మోయడం, శిష్యుడిగా ఉన్నప్పటి ఫ్రీజరు మారుతాళం. సిండికేట్ వాళ్లు నాకో ల్యాబ్ ఇస్తామన్నారు. నిజం ల్యాబ్. బీరువా కాదు.”

“నెమలీ, తాళం ఇటివ్వండి.”

“ఇవ్వకండి మేడం” అన్నాడు మేనేజరు. “కారెక్కండి.”

నెమలి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తాళం వేలికి తగిలించుకుని ఊరికే నిలబడింది.

టెంటులోంచి లౌడ్ స్పీకర్ మోగుతోంది. అక్క గొంతు.

“... అందరికీ నమస్కారం చెప్పాను కదా, మర్చిపోయినవాళ్లకి మళ్లీ నమస్కారం. ప్యాకెట్టు తొందరేం లేదు బాబూ, అక్కడే పెట్టు. మా తమ్ముడొకడున్నాడు, చదువుకున్నాడు, వాషర్లు అమ్ముతాడు. ఆ మాట పక్కన పెట్టండి. నేను చెప్పేది మీ మేనేజరు బాబు గురించి. కిందటేడు మా చేలో విత్తనం కలుపుతుంటే వచ్చాడు. నేను ఎండలో ఆరబోశాను. అమ్మో, ఆ తిట్లు! నన్ను మా ఆయన కూడా అలా తిట్టలేదు. తిట్టి, తనే చొక్కా విప్పి కర్రల మీద కట్టి, ఆ విత్తనానికి నీడ పట్టాడు. సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాడు, వీపు కాలిపోయింది. నేను అన్నం తినమంటే, ‘ఇవి ఆరాక తింటానమ్మా’ అన్నాడు. చంటిబిడ్డలకి కాపలా ఉన్నట్టు. అట్లాంటి మనిషి చేసిన పొడి అని చెప్పే నేను మా ఊరిని ఒప్పించాను. ఆ బాబు ఎక్కడ? వేదిక మీద కుర్చీ వెయ్యలేదేం ఆయనకి?”

జనం చప్పట్లు కొట్టారు.

మేనేజరు సీసా అలాగే వంచి పట్టుకున్నాడు. మూతి దగ్గర ఒక చుక్క వేలాడుతోంది. పడటం లేదు.

“చొక్కా సంగతి ఆవిడకి ఇంకా గుర్తుందా?” అన్నాడు.

ఆ ఒక్క క్షణం చాలు. తాబేలు దూకాడు. మోకాలు కలుక్కుమంది. దూకినవాడు దూకినట్టే బోర్లా పడ్డాడు, మేనేజరు కాళ్ల దగ్గర. సీసా ఒరిగింది. అదే సమయానికి హై హీల్ ఒకటి గాల్లోకి లేచి మేనేజరు మణికట్టుకి తగిలింది. సీసా షెడ్డు గోడకి కొట్టుకుని మట్టిలో పడి బుస్సుమంది. బ్లీచింగ్ తడికి తాబేలు పెట్టుడు మీసం తెల్లబడింది.

నెమలి ఒంటికాలి మీద నిలబడి, విరిగిన చెప్పు మడమ చూసుకుంది.

“ఇప్పటికి ఒక బాసు తగ్గాడు” అంది, తాళం చెవి తాబేలు మీదకి విసిరి.

మేనేజరు పారిపోలేదు. కారు బంపరు మీద కూలబడి, తలవంచుకుని అన్నాడు. “గోనెలు ఆరిపోతున్నాయి. ముందు వాటిని తడపండి.”

*

డాక్టరమ్మని వేదిక మీదనుంచి దించి షెడ్డు వెనక్కి తీసుకొచ్చారు. విషయం విని ఆమె ఏడవలేదు, అరవలేదు. ఫస్ట్ ఎయిడ్ పెట్టెలోంచి గాయాలు కడిగే పెరాక్సైడ్ సీసా తెమ్మంది. మెట్ల మీది ప్యాకెట్టులోంచి చిటికెడు పొడి ఒక మూతలో, కారులోని ప్యాకెట్టులోంచి చిటికెడు ఇంకో మూతలో వేసింది. రెండింటి మీదా చుక్కలు వేసింది. మొదటిది తడిసిన బూడిదలా పడి ఉంది. రెండోది సబ్బు నురగలా పొంగింది.

“ఊపిరి పీలుస్తున్నాయి” అంది. శిష్యుడి వైపు ఒకసారి చూసింది. “నన్ను అడిగుంటే నీ పేరు ముందు పెట్టేదాన్ని రా. నాకు తట్టలేదు. నేనూ అలిసిపోయి ఉన్నాను.”

మేనేజరుని జీపులో ఎక్కించారు.

పెట్టెలు మార్చాలి. సిబ్బంది అందరూ తలా ఒకటి ఎత్తుకుని, టెంటు వెనక నీడలోంచి మోశారు. ఒక పెట్టె డాక్టరమ్మ విడిగా తీయించి తన ఒళ్లో పెట్టుకుంది. రేపటి గొట్టాలకి విత్తనం అది. టెంటులో అక్క గొంతు బొంగురుపోయింది. ఆమె ఇప్పుడు పేడ ఎరువు గురించి చెబుతోంది. సగంమంది జనం నిద్రలో ఉన్నారు. అతిథి ఒకాయన గడియారం చూసుకుని లేవబోతే, “కూర్చోండయ్యా, ఇంకా కలుపు సంగతి చెప్పలేదు” అని కూర్చోబెట్టింది.

ఆఖరి పెట్టె నీడలో దిగింది. లావుపాటి డీలరు పెన్ను తీసి మొదటి ఆర్డరు చెబుతున్నాడు. తాబేలు టెంటు చివర నిలబడి చెయ్యి ఊపాడు. అక్క మాట ఠక్కున ఆపి, ప్యాకెట్టు అందుకుంది. ముందు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తమ్ముడి వైపు చూసింది. అతను తలూపాడు. అప్పుడు ఊరివాళ్లకి ఎత్తి చూపించింది.

టెంటంతా చప్పట్లు. ఎక్కువమంది ఆమె ఆపినందుకు కొట్టారు.

*

మర్నాడు పంపుసెట్ల ఆఫీసులో పెద్దాయన బిళ్ల చప్పరిస్తూ, “నాకు మొదటినుంచీ మేనేజరు మీదే అనుమానం” అన్నాడు. స్టోర్స్ బాబాయ్ తెల్లబడ్డ మీసం వెలుతురుకి పట్టి చూసి నిట్టూర్చాడు. నెమలి ఫోను స్విచాఫ్. వారం దాకా లేపొద్దని కబురు పెట్టింది.

తాబేలు మోకాలికి వేడినీళ్ల సంచీ కట్టుకుని పేపరు తిరగేశాడు. లోపలి పేజీలో, కింద, పేకముక్కంత వార్త ఉంది. సిండికేట్ సంగతి లేదు, ఉండకూడదు కూడా. ‘రైతుల కోసం కొత్త ఉత్పత్తి మార్కెట్లోకి వచ్చింది. మైకు వదలని ఒక మహిళా రైతు వల్ల కార్యక్రమం బాగా ఆలస్యమై, అతిథులు ఇబ్బంది పడ్డారు.’

ఫోను మోగింది.

“చదివావా?” అంది అక్క, ఇంకా బొంగురు గొంతుతోనే.

“చదివానక్కా.”

“ఆలస్యం చెయ్యమన్నదెవరు? అడిగితే చెప్పవు. మీసం సంగతీ చెప్పవు. ఆ మేనేజరు బాబు ఏడని ఆఫీసుకి ఫోన్ చేస్తే వాళ్లూ చెప్పరు. సరే, ఊరంతా ప్యాకెట్లు తెచ్చుకున్నారు, నీడలోనే పెట్టించాను. నాకది చాలు.”

“మరింకేం?”

“ఇంకేమా? మైకు వదలని రైతని రాశాడే, వాడి నంబరు సంపాదించి ఇవ్వు. ఓ రెండు మాటలు మాట్లాడాలి.”

ఈ కేసు మొత్తంలో సిండికేట్ మీద గానీ, మొలక మీద గానీ తాబేలుకి ఆ విలేకరి మీద వేసినంత జాలి వేయలేదు. విలేకరి నంబరు పెద్దాయన దగ్గర ఉంది. అది దేశ రహస్యమని చెప్పి ఫోను పెట్టేశాడు.

*

ఇది రాసింది గుండీల పెద్దమ్మ. కుట్టుపని చేసిన రోజుల నుంచి అందరూ అలాగే పిలుస్తారు. వయసు అరవై తొమ్మిది. ఇప్పుడు ఉంటున్నది రెండో కూతురింట్లో, మేడ మీద గదిలో.